వచ్చి చేరిన మొక్క

పిచ్చిమొక్కల మాస్టారికి ఒకటే పిచ్చి. ఏది కనబడినా "ఇక్కడిదేనా, వచ్చి చేరిందా?" అని అడక్కుండా ఉండలేరు. టీ ఇస్తే టీ ఆకు గురించి అడుగుతారు, కొత్త గుమాస్తా కనిపిస్తే అతన్నే అడుగుతారు. వృక్షశాస్త్రం చెప్పే మనిషి కదా అని కాలేజీ అంతా సర్దుకుపోయింది. తోటపని చేసే ఆమెకి మాత్రం ప్రాణం విసిగింది. ఆయన ఆమెని కలుపు పీకనివ్వరు మరి!

పోనీ అదేమన్నా గొప్ప కలుపా? గోరంత ఆకు, ఆవగింజంత పువ్వు. దాని కోసం మాస్టారి గదిలో గోడంత ప్రపంచ పటం. మొక్క పుట్టిల్లు ఎక్కడో సముద్రాల అవతల, అక్కడ పచ్చరంగు. తర్వాత పాకిన చోట్లన్నీ ఎరుపు.

"సార్, మీకు బదిలీ అయిన ఊళ్లన్నీ ఎర్రగా ఉన్నాయేంటి?" అందామె ఓసారి, కిటికీలో కుండీకి నీళ్లు పోస్తూ.

మాస్టారు భగ్గుమన్నారు. "గాలికొచ్చింది! దానంతటది! ఇంత దూరం గాలికి రావడం ఎవరూ చూళ్లేదు తెలుసా? వచ్చే నెల పెద్ద సభలో చెప్పబోతున్నాను. దాన్ని పీకావో, నా పీక పిసికినట్టే!"

ఇంతలో కొత్త ప్రిన్సిపాల్ దిగాడు. ఆవరణ చూసి చిందులు తొక్కాడు. "జీతం తీసుకుని అడవి పెంచుతున్నావా? రేపట్నుంచి రానక్కర్లేదు!"

ఆమె రెండు చేతులూ జోడించింది. ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ ఒక్క జీతంతోనే. "మాస్టారే పీకొద్దన్నారండీ..."

"బయటి నుంచి వచ్చినదానికి సిఫార్సు కూడానా!"

పరుగున వచ్చిన మాస్టారు అలవాటుకొద్దీ అడిగేశారు. "తమరు ఇక్కడివారేనా, వచ్చి చేరారా?"

ప్రిన్సిపాల్ వచ్చి వారమే అయింది. గుమాస్తాలందరికీ ఒక్కసారిగా దగ్గొచ్చింది.

"వెటకారాలొద్దు! గాలికొచ్చిన కలుపు పీకడం తోటమాలి పని. పీకలేదు, పోవాల్సిందే!"

మాస్టారు ఒకసారి ఆమె మొహం చూశారు, ఒకసారి మొక్క వంక చూశారు. "గాలికి రాలేదండీ. నా ప్యాంటు మడతల్లో గింజలొచ్చాయి. తెచ్చిందీ నేనే, పెంచిందీ నేనే. ఆవిడ తప్పేం లేదు."

గాలి లేకపోతే సభా లేదు. ఆ సంగతి ఆమెకి తెలుసు.

ఆమె ఉద్యోగం నిలిచింది. శిక్ష మాస్టారికి పడింది: రోజూ గేటు దగ్గర కాళ్లు దులుపుకుని లోపలికి రావాలి. బ్రష్ అందించే పని ఆమెది.

మర్నాడు బ్రష్ ఇస్తూ ఆమె కిందికి చూసింది. "సార్! మీ ప్యాంటుకి మడతలే లేవు కదండీ!"

"ష్! గట్టిగా అనకు తల్లీ" అంటూ మాస్టారు ఉత్తుత్తినే దులుపుకున్నారు. మేజోళ్ల మీంచి నాలుగు గింజలు రాలిపడ్డాయి. మాస్టారు వంగి చూశారు. ఆ మొక్క గింజలే!

"ఇక్కడివేనా సార్, వచ్చి చేరాయా?" అందామె నవ్వాపుకుంటూ. అటూ ఇటూ చూసి, ఆ గింజల్ని కాలితో మెల్లగా గేటు పక్క మట్టిలోకి నెట్టేసింది.