పెద్దమ్మ ఎడమవైపు ఆట

హైదరాబాద్ శాలిబండలో మా పెద్దమ్మ అష్టాచెమ్మా ఓడిపోవడం నేనెప్పుడూ చూడలేదు. అందరూ గవ్వలు లెక్కపెట్టుకునేలోపు తన కాయను ఒక గడి ఎక్కువ జరిపేది. దానికి ఆమెకొక సూత్రం ఉండేది.

“తెలుగు సదివినోళ్ల కండ్లు కుడికి ఉరుకుతయ్, ఎడమకు నడుస్తయ్. ఉర్దూ సదివినోళ్లయి ఉల్టా” అని నా చెవిలో చెప్పింది.

అందుకే మాతో ఆడితే మా ఎడమవైపు, ఉర్దూ చదివిన పక్కింటి ఖాలాతో ఆడితే ఆమె కుడివైపు జరిపేది.

ఒకసారి పెద్దమ్మ కొత్త వియ్యంకుడు ఆటకు కూర్చున్నాడు. ఓడినవాళ్లు అందరికీ చాయ్ పెట్టాలి. ఆయన నుదుటి బొట్టు చూసి, పెద్దమ్మ ధీమాగా ఆయన ఎడమవైపు కాయ జరిపింది. ఆయన చెయ్యి టక్కున దానిమీద పడింది.

“నా సదువంత ఉర్దూ మీడియమే అక్కా” అన్నాడు నవ్వుతూ.

“గా ముచ్చట ముందుగాల చెప్పాలె గద అన్నా!” అని పెద్దమ్మ ఆయన్నే కసిరి, ఆట మళ్లీ మొదలుపెట్టింది.

ఈసారి కాయ కుడివైపు జరిగింది. ఆయన చూడలేదు. ఆయన పక్కనే కూర్చున్న నేను చూశాను. నాది తెలుగు మీడియం మరి.

ఓడిన వియ్యంకుడు వంటింట్లోకి నడుస్తుంటే, పెద్దమ్మ నన్నే చూస్తూ కేకేసింది:

“అన్నా, మా బిడ్డ చాయ్‌ల చక్కెర జర ఎక్కువెయ్యి!”