ఎదురుచూపుకు రెండు మాటలు

మొన్న సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి ఎల్బీనగర్ వస్తుంటే, పక్కన నిలబడిన పెద్దాయన సంచిలోంచి బంగినపల్లి వాసన వచ్చింది. ఎండుగడ్డిలో మగ్గిన పండు వాసన. కళ్ళు వాటంతటవే మూతపడ్డాయి. రైలు వెళుతూనే ఉంది. నేను మాత్రం గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ వెనక సందులో, ఒక మేడ మీది గదిలో, బెంచీ మీద కూర్చుని ఉన్నాను. మార్కెట్ అక్కడి నుంచి తరలిపోక ముందు, వేసవి వస్తే ఆ గదంతా మామిడి వాసనతో బరువెక్కేది. లారీల చప్పుడు, వేలంపాటల కేకలు నీళ్ళ అడుగు నుంచి వస్తున్నట్టు వినిపించేవి. ఆ గదిలోనే వసుంధర మేడమ్ మాకు స్పోకెన్ ఇంగ్లిష్ చెప్పేవారు.

మేడమ్‌ది తెనాలి వైపు. యాభై దాటిన మనిషి, మెత్తని గొంతు. మేం తప్పుగా మాట్లాడితే దిద్దేవారు కాదు. అదే వాక్యాన్ని తాను ఒకసారి సరిగ్గా పలికి ఊరుకునేవారు. నాకు అప్పుడే డిగ్రీ అయింది, ఉద్యోగం కోసం ఇంగ్లిష్ నేర్చుకుంటున్నాను. మాది పోచంపల్లి. నాన్న మగ్గం వదిలి కొత్తపేటలో చీరల దుకాణం పెట్టుకున్నారు. ఆ చలికాలంలో ఆయనకు పక్షవాతం వచ్చింది. కాలూ చెయ్యీ కొంత తేరుకున్నాయి గాని, మాట పోయింది. మళ్ళీ వస్తుందో రాదో డాక్టర్లు చెప్పలేకపోయారు.

ఒకరోజు మేడమ్ బోర్డు మీద ‘ఎదురుచూస్తున్నాను’ అని తెలుగులో రాసి, ఇంగ్లిష్‌లో చెప్పమన్నారు. కొందరం వెయిట్ అన్నాం, కొందరం ఎక్స్‌పెక్ట్ అన్నాం.

“రెండూ ఒకటి కాదర్రా,” అన్నారు మేడమ్. “హయత్‌నగర్ బస్సు కోసం స్టాపులో నిలబడ్డావనుకో, అది వెయిట్. మీ అమ్మ ఇంట్లో తన పని తాను చేసుకుంటూ, మా పిల్ల ఆరింటికల్లా వచ్చేస్తుందిలే అనుకుంటుంది. అది ఎక్స్‌పెక్ట్. ఆవిడ లెక్కలో నువ్వు రావాలి. రాకపోతే కోపం వస్తుంది. బస్సు స్టాపులో ఉత్తినే నిలబడ్డవాడికి అంత కోపం ఉండదు.”

“ఒస్తదని నమ్మకం లేకున్నా వెయిట్ చెయ్యొచ్చా మేడమ్?” అని అడిగాను.

ఆవిడ బోర్డు తుడవబోయి నావైపు తిరిగారు. “చెయ్యొచ్చమ్మా. కష్టమే గాని, చెయ్యొచ్చు.”

క్లాసయ్యాక నేను వెళ్ళలేదు. ఎందుకలా అడిగావన్నారు. నాన్న సంగతి చెప్పాను. రోజూ సాయంత్రం ఆయన ఎదురుగా కూర్చుని, “నాన్నా, నా పేరు చెప్పు, అనూష, చెప్పు,” అని గంటసేపు పలికించబోతాననీ, ఆయన పెదవులు కదిపి కదిపి చివరికి గోడవైపు తిరిగిపోతారనీ చెప్పాను.

“రోజూ పరీక్ష పెడుతున్నావు, ఆయన రోజూ తప్పుతున్నారు,” అన్నారు మేడమ్. “గోడవైపు తిరక్క ఏం చేస్తారు? ఇవాళ్టినుంచి ఏమీ అడక్కు. ఊరికే పక్కన కూర్చో.” తన చేతులకేసి చూసుకుంటూ అన్నారు: “మా అమ్మాయి హయత్‌నగర్‌లోనే ఉంటుంది. నాతో మాట్లాడదు. తప్పెవరిదన్నది ఇప్పుడొద్దులే. మొదట్లో పండగ పండగకీ ఫోన్ చేసి, ఎప్పుడొస్తావే అని అడిగేదాన్ని. నంబరు మార్చేసింది. ఇప్పుడు అడగను. ఆదివారం మాత్రం ఇల్లు కదలను.”

ఆ సాయంత్రం నుంచి నేను నాన్నను ఏమీ అడగలేదు. దుకాణం నుంచి వచ్చిన చీరలు పక్కనేసుకుని, మడతలు విప్పుతూ పెడుతూ కూర్చునేదాన్ని. వేసవి పోయింది. వానలు మొదలయ్యాయి. ఆ రోజులు నాకు విడివిడిగా గుర్తులేవు. అన్నీ కలిసి ఒకే పొడుగాటి సాయంత్రంలా ఉంటాయి, కిటికీలో పల్చటి వెలుగూ, ఒడిలో రంగులూ, పక్కన ఆయన ఊపిరీ. ఆయన గోడవైపు తిరగడం ఎప్పుడు మానేశారో కూడా గమనించలేదు.

వాన తెరిపిచ్చి ఎండ కాసిన ఒకరోజు, నేను ఎర్ర చీర ఒకటి కిటికీ చువ్వల మీద ఆరేశాను. వెనకనుంచి, తుప్పుపట్టిన గొళ్ళెం తీసినట్టు, ఒక గొంతు.

“రంగు... పోతది.”

నేను వెనక్కి తిరగలేదు. “తీస్తున్న నాన్నా,” అని, చీర తీసి మడతపెట్టాను. మడత కుదరలేదు. వంటింట్లోకి వెళ్ళి అమ్మను పట్టుకుని ఏడ్చాను.

ఆ తరవాత నాన్నకు చాలా మాటలు తిరిగొచ్చాయి. నీళ్ళు, చాయ్, దారం, బిడ్డా. నా పేరు మాత్రం, ఆయన పోయేదాకా, ఆ నోట మళ్ళీ రాలేదు. నేనూ అడగలేదు.

ఉద్యోగం వచ్చాక కూడా అప్పుడప్పుడు ఆదివారాలు ఎల్బీనగర్‌లో మేడమ్ ఇంటికి వెళ్ళేదాన్ని. అమ్మాయి సంగతి ఆవిడ ఎత్తేవారు కాదు. ఆవిడ పోయారని తెలిసి వెళ్ళిన రోజు, నా ఈడు మనిషి ఒకామె నాకు మంచినీళ్ళిచ్చింది. ముక్కూ గొంతూ అచ్చం మేడమ్‌వే.

“కిందటేడు ఒక ఆదివారం వచ్చాను,” అంది ఆమె. “గుమ్మంలో ఏం చెప్పాలో దారంతా అనుకుంటూ వచ్చా. అమ్మ తలుపు తీసి, ‘వచ్చావా, ఆ పాలు పొంగుతున్నాయి, స్టవ్ కట్టెయ్’ అంది. అంతే. ఇంకేం అడగలేదు.”

ఇప్పుడు మా అబ్బాయికి పదిహేనేళ్ళు. బడి నుంచి వచ్చి, కొన్నాళ్ళుగా గది తలుపు వేసుకుంటున్నాడు. ఏమైందిరా అని తలుపు కొట్టబోయి ఆగిపోతాను. హాల్లో, వాడి గదికి దగ్గరగా చాప పరుచుకుని, చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ కూర్చుంటాను.