ఆదివారం రైల్లో సైకిలు

ఆస్పత్రిలో దుప్పట్లు ఉతికే ఆవిడ ఆదివారం పొద్దున్నే సిటీ రైలు చివరి పెట్టెలోకి సైకిలుతో సహా ఎక్కుతుంది. యాభై దాటిన మనిషి. సబ్బునీళ్ళలో నాని పాలిపోయిన వేళ్ళతో, బడికి తీసుకెళ్ళే పిల్లాడి చెయ్యి పట్టుకున్నట్టు హ్యాండిల్ పట్టుకుంటుంది. “జరగండమ్మా, వీడికి కాస్త చోటివ్వండి” అంటుంది. పెడలు ఎవరికీ తగలకుండా తన కాలే అడ్డం పెడుతుంది. “రైల్లో ఈ మోతెందుకు పెద్దమ్మా, తొక్కుకుంటూ పోవచ్చుగా?” అని ఎవరైనా అడిగితే, “వస్తే తొక్కనా నాయనా?” అని నవ్వేస్తుంది. కొడుకు వదిలేసిన ఆ పాత సైకిలు మీద, ఆఖరి స్టేషన్ పక్కనున్న ఖాళీ మైదానంలో తొక్కడం నేర్చుకుంటోంది. సొంత వీధిలో పడితే నలుగురూ నవ్వుతారని భయం. ఇంట్లో మాత్రం సైకిలు తీసుకెళ్ళేది కూరల సంచి తగిలించుకోవడానికని చెప్పింది. తిరిగొచ్చేటప్పుడు చెక్కుకుపోయిన మోచేతిని ఎవరూ చూడకుండా ఊదుకుంటుంది.

మొన్న ఆదివారం తిరుగు రైలు కిటకిటలాడింది. “ఇవాళ సైకిళ్ళు ఎక్కనివ్వం. తొక్కుకుంటూ వెళ్ళిపోండమ్మా” అన్నాడు గార్డు. ఆవిడ రోడ్డు మీద ఎప్పుడూ తొక్కలేదు. రైలు వెళ్ళిపోయాక, “పద నాయనా, ఇక నువ్వూ నేనే” అని సైకిలుకు చెప్పి బయలుదేరింది. బస్సు హారన్ కొట్టినప్పుడల్లా దిగింది, మళ్ళీ ఎక్కింది. వంతెన దిగుతుంటే గాలికి కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. అయినా బ్రేకు వెయ్యలేదు. తన వీధి మలుపు తిరిగేసరికి, గుమ్మం ముందు బట్టలు ఆరేస్తున్న కోడలు తడి చొక్కా చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయింది.

“అత్తయ్యా! మీకు సైకిల్ తొక్కడం ఎప్పుడొచ్చింది?”

ఆవిడ ఒక కాలు నేలకానించి, ఊపిరి తీసుకుంది.

“ఇవాళే వచ్చిందే” అంది.