గోడకెక్కిన సగం చీర

మా అక్కా బావా పనికిరాని వస్తువులు కలిపి బొమ్మలు కట్టేవారు. బావది పెనుకొండలో రైల్వే ఉద్యోగం. పగిలిన లాంతరు గాజులు, వంగిన బోల్టులు ఆయన తెచ్చేవాడు. మా ధర్మవరం మగ్గాల ఇళ్ళ నుంచి విరిగిన నాడెలు, అరిగిన అచ్చులు అక్క తెచ్చేది. ఏది ఎక్కడ పెట్టాలని వాళ్ళిద్దరూ పోట్లాడుకుంటే పెనుకొండ కోటగోడలు కదిలేవి. సగం తగ్గించుకుని నమ్మండి, చాలు.

అరవైల మొదట్లో ఒక వేసవిలో, పెళ్ళైనప్పటి నుంచి చేసినవన్నీ హిందూపురంలో ఒక బడి హాల్లో వరుసగా పెట్టారు. వచ్చినవాళ్ళకు చూపించే పని నాకు అప్పగించారు. తుప్పు పట్టిన పార ముక్క దగ్గర నిలబడి, "ఇది రామగిరి గనిలో బంగారానికి కాపలా కాసిన దయ్యం దవడ" అన్నాను. రొద్దం రైతొకాయన వంగి చూశాడు.

"ఏమబ్బా, మా ఇంటికాడ ఇట్లాంటి దయ్యాలు నాలుగుండాయి. తెచ్చీమంటావా?"

అందరూ నవ్వుతుండగా ధర్మవరం రైలు దిగి అమ్మ వచ్చింది. చివరి గోడకు వేసిన దుప్పటిని బావ అప్పుడే లాగాడు. దాని వెనక నుంచి నాయన చేతి ఎర్ర పట్టు బయటపడింది.

అంతకు ముందే నాయన ఉన్నట్టుండి పోయాడు. అప్పటికి మగ్గం మీద ఎర్ర పట్టుచీర ఒకటి సగంలో ఉంది. దాన్ని కోయడానికి అమ్మకు మనసొప్పలేదు. నేయని పోగులతో సహా ఊడదీయించి, మూటకట్టి, అటక మీద దాచింది. ఎప్పటికైనా అది నిండు చీర కావాలన్నదే ఆమె కోరిక. నాయన పక్కన కూర్చుని నేత నేర్చింది అక్క ఒక్కతే. అందుకే అక్క అడగ్గానే మూట తీసి ఇచ్చింది.

ఆ నేత ఇప్పుడు గోడ మీద పరిచి ఉంది. నేయని పోగులు విసనకర్రలా విడిపోయి, కట్టలు కట్టలుగా రైలు లాంతర్ల కొక్కేలకు వేలాడుతున్నాయి. అవి జారకుండా బావ వజ్రం పూశాడు. వడ్రంగులు చెక్కలు అతికించే వజ్రం, పట్టుకు!

అమ్మ ఒక పోగును తాకింది. అది చీపురుపుల్లలా బిగుసుకుని ఉంది.

"ఏమే, నేస్తావని ఇస్తే అతికించినావా?"

"నేసేకే కూచున్యా మా. చెయ్యాడల్యా."

"ఆడకపోతే నా మూట నాకిచ్చేకి ఏమొచ్చె నీకు?"

"నాటకం గూడా ఉండాదే!" అన్నారెవరో వెనక నుంచి.

మా ఇళ్ళలో అత్తలు అల్లుళ్ళతో ఎదురుపడి మాట్లాడరు. మధ్యలో మాటలు మోసేది నేనే. "వేన్నీళ్ళ గుడ్డ పెడితే వజ్రం ఊడొస్తాదని చెప్పబ్బా అత్తకు. ఇప్పుడే తీసేస్తా" అని బావ నీళ్ళకు పోయాడు.

నాయన పోయాక అమ్మ ఆ నేతను విప్పి చూసింది లేదు. ఇప్పుడు ముక్కు ఆనేంత దగ్గరగా చూస్తోంది. ఒక చోట ఆమె వేలు ఆగిపోయింది.

"ఈడ చూడే. ఇంతవరకూ ఒత్తుగా వచ్చిన నేత ఈడ వదులైండాది. కిందికొస్తే జల్లెడ. ఎన్నాళ్ళ నుంచి చేతిలో సత్తువ లేదో! పక్కనే ఉండానే, ఒక్క మాటన్నా చెప్పల్యా ఆ మనిషి."

నాయన ఉన్నట్టుండి పోయాడని ఊరంతా చెప్పింది నేనే కదా.

"నేయాలంటే ఆ జానెడూ విప్పేసి మొదలుపెట్టల్ల మా" అంది అక్క. "నాయన చివర్న నేసింది అదే. విప్పేకి నాకు చేతకాల్యా."

బావ వేన్నీళ్ళ చెంబుతో వచ్చి నావైపు చూశాడు. నేను నోరు తెరిచేలోగా అమ్మ ఆయనవైపే తిరిగింది.

"నీళ్ళు వద్దప్పా. ఈ వదులు నేత కాడ కొస పోగు లేస్తాండాది. దీనికీ రోంత వజ్రం పూయి."

బావ చెంబును నా చేతిలో పెట్టి, వజ్రం కరగబెట్టడానికి కుంపటి వెతుక్కుంటూ పరుగెత్తాడు.