కింద నుంచి చూసిన మనిషి

మా ఆయన కొబ్బరిచెట్లెక్కి కాయలు దింపేవారు. పోయి మూడేళ్లయింది. ఉన్న ఒక్క ఫొటో వరదల్లో నానిపోయింది. మొహం మరుపుకొచ్చేస్తోందని భయమేసి, బొమ్మలు నేర్చుకుంటున్న మా మనవరాలి పెన్సిలు తీసుకుని, ఆయన్ని తలుచుకుంటూ రోజూ గీస్తున్నాను. నాకు సంతకమే సరిగా రాదు. ఇది కూడా దానిచేతే రాయిస్తున్నాను.

“అమ్మమ్మా, పాదాలు చేటలంత, తల చింతగింజంత వేసేవేంటి? తాతయ్య ఇలాగే ఉండేవారా?” అని నవ్విందొకరోజు.

“నాకు అలాగే కనపడేవారే,” అన్నాను.

ఆయన చెట్టెక్కితే కాలెక్కడ జారుతుందోనని కింద మెడ వెనక్కి వంచి చూసేదాన్ని. మడమ పగుళ్లు, కాళ్లకు వేసుకునే తాడు, అన్నీ నా చెయ్యే గీసేస్తుంది. ఆయన దిగేసరికి నేను వంగి కాయలేరుతూ ఉండేదాన్ని. ఇంటికొచ్చాక వడ్డించడమే గాని ఎదురుగా కూర్చుని చూసిందెప్పుడు? ఎన్ని కాగితాలు పాడుచేసినా కళ్లూ ముక్కూ ఎవరివో వస్తున్నాయి.

నిన్న మనవరాలు జాలిపడి పెన్సిలు తను పట్టుకుంది. “ముక్కెలా ఉండేదో చెప్పు, నేను వేసిపెడతాను,” అంది.

చెప్పబోయాను. నాకే తెలియలేదు.

దాని చేతిలోంచి పెన్సిలు తీసుకుని మళ్లీ పాదాలే గీశాను.