గంజి చేతులు

పక్కింటి బాబాయిగారు పోయారని మంగళవారం పొద్దున మా అమ్మ ఫోన్ చేసి చెప్పింది. కిడ్నీలు ఎప్పుడో పాడయ్యాయట, ఆసుపత్రిలో చేర్చేసరికే ఆలస్యమైందట. ఆ ‘ఎప్పుడో’ ఎప్పుడో నాకు తెలుసు. అది దాచి ఆయన మంచితనం గురించి మాత్రమే రాస్తే దొంగ నివాళి అవుతుంది.

మగ్గం వదిలి మా భవానీపురం వచ్చాక ఆయన నేత చీరలకు గంజి పెట్టేవారు. నేను ఉద్యోగంలో చేరిన రోజు కట్టుకున్న చీరకు గంజి పెట్టింది ఆయనే. డబ్బులివ్వబోతే కోప్పడ్డారు. “గంజి ఎక్కువైతే చీర మన మాట వినదమ్మా, తక్కువైతే ఒంటిమీద నిలవదు,” అనేవారు. ఆరిన ప్రతి చీర అంచునూ వేళ్ళ మధ్య నలిపి చూస్తేగాని మడత పెట్టేవారు కాదు.

నేను కాలేజీ ల్యాబులో కిడ్నీ జబ్బును ముందే పసిగట్టే స్ట్రిప్ తయారుచేస్తున్నాను. ఇంట్లో షుగరు చూసుకునేలాంటిదే. రక్తపు చుక్క వేస్తే, కిడ్నీలు పాడైతే అందులో పెరిగే క్రియాటినిన్‌ను బట్టి సన్నటి కరెంటు పుడుతుంది, మీటరు దాన్ని అంకెగా చూపిస్తుంది. రెండేళ్ళ కిందట, పోల్చి చూడడానికి జబ్బు లేనివాళ్ళ రక్తం కావాల్సి వచ్చింది. “నాకేం రోగం, నన్ను రాసుకో,” అని అందరికన్నా ముందు వేలు చాపింది ఆయనే.

అందరికీ అంకె మామూలుగా వచ్చింది. ఆయనకు రెట్టింపు.

“చేతులకి గంజి ఉంది బాబాయిగారూ, అందుకే తప్పు చూపిస్తోంది,” అన్నాను. గంజికి ఆ అంకె మారుతుందో లేదో నేనెప్పుడూ పరీక్షించలేదు. ప్రాజెక్టు రిపోర్టు ఇచ్చే తొందరలో చేతికందిన సాకు అది.

తర్వాత మూడు ఆదివారాలు మోచేతులదాకా సబ్బుతో కడుక్కుని కూర్చున్నారు. అయినా అదే అంకె. “నలభయ్యేళ్ళ గంజి కదమ్మా, గోళ్ళల్లోకి పోయుంటది. నీ పని పాడుచేస్తన్నానేమో,” అని నొచ్చుకున్నారు. ఫర్లేదన్నాను, పెద్ద మనసున్నదానిలా. నోట్‌బుక్‌లో ఆయన అంకెల వరుస కొట్టేశాను. ఒకసారి బయట రక్తపరీక్ష చేయించుకోమని చెప్పాలని తోచలేదా? తోచింది. రిపోర్టు అయ్యాక చెబుదామనుకున్నాను. అయ్యాక మర్చిపోయాను.

స్ట్రిప్ బాగా పనిచేస్తోందని ఇప్పుడు అందరూ మెచ్చుకుంటున్నారు. అది అప్పుడూ బాగానే పనిచేసింది.

నిన్న పిన్నిగారికి ఇదంతా చెప్పాను. “తన చేతులదే తప్పనుకున్నారమ్మా,” అన్నారావిడ.

ఆ చివరి ఆదివారం నేను వెళ్ళేసరికి ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నారు. మళ్ళీ గంజి అంటుతుందని తువ్వాలు కూడా ముట్టుకోలేదు. మోచేతుల నుంచి నీళ్ళు కారుతుంటే తడి చేతులు రెండూ పైకెత్తి పట్టుకుని, అవి ఆరేదాకా నాకోసం అలాగే నిలబడ్డారు.