సగం డెర్బీ

"సగం డెర్బీ అనేది లోకంలో ఎక్కడా లేదు వదినగారూ. గెలిస్తే గెలిచినట్టు, లేకపోతే లేనట్టు."

"ఎందుకు లేదు వదినా? గీ చాయ్ ఏంది మరి? వన్ బై టూ. నీకు సగం, నాకు సగం. చాయ్ సగమైతది గానీ డెర్బీ కాదా?"

"టీ అయితే రెండు కప్పుల్లో పోసి పంచుతారు. డెర్బీని ఎవరు పంచారు?"

"పేపరోళ్ళే పంచిన్రు! కిందటేడు డెర్బీల ఆయన గుర్రం ఒక్కటే గెలిచిందా, చెప్పు. పక్కకు ఇంకో గుర్రం లేకుండెనా? మరి నువ్వు ఆయన లెక్కల మొత్తం ఎట్ల ఏసుకుంటవ్?"

"మొత్తమే వేసుకుంటాను. ఆ గుర్రం ఊసు మీరు ఎత్తకండి. పాపం తగులుతుంది."

"పాపమా? నడిమిట్ల పాపమేంది?"

అబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు దాటాక, సందులోని ఇరానీ హోటల్లో, ఆడవాళ్ళు కూర్చునే వెనక గదిలో జరిగిందీ గొడవ. పక్క బల్ల దగ్గరున్న భార్యాభర్తలు సమోసా తినడం మానేసి మమ్మల్నే చూస్తున్నారు. ఆస్తి తగాదా అనుకుని ఉంటారు. ఆమె నా వియ్యపురాలు, మా కోడలి తల్లి. పిల్లల పెళ్ళయిన కొత్తలోనే నన్ను నువ్వు అనేసింది, నేను మాత్రం ఇప్పటికీ మీరు అనే అంటాను. మా ఇద్దరి మధ్య ఇంతవరకు కోడలి గురించి గానీ, పెట్టుపోతల గురించి గానీ మాటా మాటా రాలేదు. వచ్చిందల్లా ఒక్క మనిషి గురించే. ఆయన్ని మేమిద్దరం ఎన్నడూ చూడలేదు. ఆయన గుర్రపు పందేలకు గుర్రాల్ని తయారుచేసే ట్రైనరు.

మేము ఏ పందెమూ కాయం. ఇది ముందే చెప్పాలి. నా చేతిలోంచి రూపాయి రావడం కష్టమని మా వీధిలో కూరలమ్మేవాడికి కూడా తెలుసు. రేసుల పిచ్చి మా ఆయనది. పెళ్ళయి నాంపల్లిలో కాపురం పెట్టినప్పటినుంచి, రేసులున్న ఆదివారం ఆయన ఇంట్లో ఉండేవాడు కాదు. జేబులో బస్సు ఖర్చూ గేటు టికెట్టూ మించి ఉంచేదాన్ని కాదు కనుక పోగొట్టుకోవడానికి ఏమీ ఉండేది కాదు. సాయంత్రం వచ్చి, నేను బియ్యం ఏరుతుంటే ఎదురుగా కూర్చుని, ఏ గుర్రం ఎలా పరుగెత్తిందో చేతులు తిప్పుతూ చెప్పేవాడు. "పరుగు సరేనే, ఆ ట్రైనరు గుర్రాల నడక చూడాలి. పరుగుకు ముందు జనం ఎదుట నడిపిస్తారు చూడు, అప్పుడే తెలిసిపోతుంది" అనేవాడు. చూపించమని నేను అడగలేదు. టికెట్టు దండగని నేనే అనేదాన్ని.

మా ఆయన పోయాక ఆ కబుర్లు చెప్పేవాళ్ళు లేకపోయారు. కింద కిరాణా కొట్టతను చదివేసిన పేపరు మధ్యాహ్నం నాకిచ్చేవాడు. అందులో రేసుల మూల చదవడం మొదలుపెట్టాను. నేను అక్షరాలు కూడబలుక్కునేంతవరకే బడికి వెళ్ళాను. ఇంగ్లీషు రాదు. తెలుగు అక్షరాల్లో వేసిన ఇంగ్లీషు మాటలు చదవగలను, అర్థం మాత్రం నేనే చెప్పుకోవాలి. ఫ్లాట్ రేసులు అని వేస్తే, గెలిచినవాళ్ళకు ఫ్లాటు ఇస్తారు కాబోలు, అందుకే ఇంత పోటీ అనుకున్నాను. కంచెలూ గోతులూ దూకించకుండా చదును నేల మీద పెట్టే పందెమని తర్వాత తెలిసింది.

వియ్యపురాలికీ నేనే అంటించాను. వాళ్ళది తరతరాలుగా ఈ ఊరే. అబిడ్స్‌లో వాళ్ళ ఇంటినుంచి మా ఇంటికి సాయంత్రాలు నడిచి వచ్చేది. నేను ఆ ట్రైనర్ని మెచ్చుకుంటే చాలు, ఆమె తిట్టేది. అలా మా ఆట మొదలైంది. పెద్ద పందేలు వచ్చినప్పుడల్లా, డెర్బీ, ఓక్స్, లెజర్, ఇలాంటివాటికి, ఆయన గుర్రం గెలిస్తే ఆమె మా ఇంటికొచ్చి వెల్లుల్లి ఒలవాలి. ఓడితే నేను వాళ్ళింటికి వెళ్ళి ఒలవాలి. ఆయన ధర్మమా అని నేను వెల్లుల్లి ముట్టుకుని చాలా కాలమైంది. ఆమె గోళ్ళు ఎప్పుడూ మండుతుంటాయి.

"మంచి మంచి గుర్రాలన్నీ తీస్కపోయి ఆయన లాయంలనే కడ్తరు. గెలవక ఏంజేస్తడు?" అనేది ఒలుస్తూ.

"మంచి బియ్యం ఇస్తే అందరికీ పులిహోర కుదురుతుందా వదినగారూ?"

"నూకలిచ్చి వండమను, అప్పుడు చూస్త. ఉరికేది గుర్రం, ఉరికిచ్చేది జాకీ. ఆయన నెత్తి మీద టోపీ పెట్టుకొని దుర్భిణి పట్టుకొని నిలబడుతడు. గంతే."

"ఆ నిలబడే ముందు ఏడాదంతా ఏం చేశాడో మీకేం తెలుసు?"

"నీకు తెలుసా? నీ తాన చెప్పి పోయిండా?"

ఇదీ మా వరస. ఆ శనివారం అబిడ్స్‌ బజారుకు వెల్లుల్లి కొనడానికే వెళ్ళాం. టీకి రమ్మని పిలిచింది మా మనవరాలు. నాకు కొడుకు కూతురు, ఆమెకు కూతురి కూతురు. అక్కడే ఒక ఆఫీసులో ఉద్యోగం. వస్తూనే బ్యాగులోంచి రెండు పాసులు తీసింది. మర్నాడు డెర్బీ. వాళ్ళ ఆఫీసు పెద్దమనిషికి ఒక గుర్రంలో వాటా ఉందట, ఆయన ఇచ్చాడు. ఒకటి తనకు, ఇంకొకటి మాలో ఒకరికి.

"నాయనమ్మా, అమ్మమ్మా, మీలో ఎవరొస్తారో మీరే తేల్చుకోండి. నన్ను మాత్రం అడగకండి" అంది.

ఆ నడక ఒక్కసారి కళ్ళారా చూడాలని నాకెంత ఉందో ఆ పాస్ చూశాకే నాకు తెలిసింది. ఎదురుగా చూస్తే వియ్యపురాలు అప్పటికే ఏ చీర కట్టుకోవాలో ఆలోచిస్తున్నట్టుంది.

"రికార్డు మీద తేల్చుకుందాం. ఆయన పెద్ద రేసుల లెక్క ఎవరిది కరెక్టయితే వాళ్ళు పోవాలె" అందామె.

సరేనన్నాను. ఒక్కొక్కటీ చెప్పుకుంటూ వచ్చాం. అన్నీ కలిశాయి. కిందటేటి డెర్బీ దగ్గర పేచీ వచ్చింది. ఆమె సగమంటుంది, నేను మొత్తమంటాను. నేను పాపం తగులుతుందన్నది అక్కడే.

"చెప్పు వదినా, పాపమేంది?"

ఇక ఆగలేకపోయాను. "పోయిన ప్రాణం గురించి సగమా, ముప్పాతికా అని బేరాలాడతారా? పాపం అది ప్రాణం పెట్టి గెలిచింది. ఆ గెలుపులో కోత పెట్టడానికి మీకు మనసెలా ఒప్పింది?"

ఆమె కప్పు కింద పెట్టింది. "ఎవలు సచ్చిన్రు?"

"గుర్రం!"

"ఏ గుర్రం?"

"ఆయన గుర్రం. పక్కదీ పోయింది, రెండూ పోయాయి. పేపర్లో వేశారుగా, డెడ్ హీట్ అని. డెడ్ అంటే చావు, హీట్ అంటే వేడి. నాకామాత్రం తెలుసు."

మనవరాలు నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. నాకు కోపం వచ్చింది. "నోరులేని జీవాలు పోతే నవ్వుతావేమే?"

"వానకాలంల వడదెబ్బ ఎట్ల తగిలింది వదినా?" అంది వియ్యపురాలు. గొంతు వణుకుతోంది, దుఃఖంతో మాత్రం కాదు.

"అంత పరుగు తీస్తే ఒంట్లో వేడి పుట్టదా?"

"మరి దసరా అయినంక లెజర్‌ల అదే గుర్రం గెలిచె గదా. దయ్యమై ఉరికిందా?"

ఈ ప్రశ్న అప్పట్లో నాకూ వచ్చింది. జవాబు ఆలోచించే పెట్టుకున్నాను. "అది దాని తమ్ముడు. అన్న పోయిందని ఆ పేరే పెట్టుకున్నారు. మీ మామగారు పోయాక ఆయన పేరు మీ చిన్నవాడికి పెట్టుకోలేదూ? గుర్రాలవాళ్ళకు మాత్రం అభిమానం ఉండదా?"

అంతే. వియ్యపురాలు బల్ల మీద తల పెట్టేసింది. భుజాలు ఎగురుతున్నాయి. టీ ముక్కులోకి పోయింది. పై పళ్ళసెట్టు జారి ఉస్మానియా బిస్కెట్ల పళ్ళెంలో పడింది. మనవరాలు కుర్చీలోంచి జారి నేలమీద కూర్చుంది. పక్క బల్లమీది ఆయన లేచి వచ్చి, "అమ్మా, మంచినీళ్ళు కావాలా?" అని అడిగాడు. ఏమయిందని అతని భార్య అడిగితే, వియ్యపురాలు పళ్ళు లేని నోటితో, "గుర్రాలు సచ్చినయంట బిడ్డా, వడదెబ్బకు" అంది. ఆ అమ్మాయి నిజంగానే "అయ్యో" అంది. దాంతో మళ్ళీ మొదలు.

నేను మాత్రం బిగదీసుకునే కూర్చున్నాను. చివరికి మనవరాలు నా మోకాలి మీద చెయ్యి వేసి, ఊపిరి కూడదీసుకుని చెప్పింది. "నాయనమ్మా, డెడ్ హీట్ అంటే చావు కాదు. రెండు గుర్రాలు ఒక్కసారే గీత దాటాయి. ఫోటో తీసి చూసినా వెంట్రుకంత తేడా లేదు. అందుకని రెండింటినీ గెలిచినట్టే లెక్కేశారు."

"చావలేదూ?"

"రెండూ బతికే ఉన్నాయి. లెజర్ గెలిచింది ఆ గుర్రమే."

"తమ్ముడు?"

"తమ్ముడు లేడు నాయనమ్మా."

వియ్యపురాలు పళ్ళు కడుక్కుని పెట్టుకుని, కళ్ళు తుడుచుకుని, మెల్లగా నా దగ్గరికి వంగింది. "వదినా, నిజం చెప్పు. తానం గిట్ల చేసినవా?"

"తలస్నానం చేశాను."

"దీపం?"

"పెట్టాను. రెండు వత్తులు. పక్క గుర్రం మనది కాకపోయినా, దాన్ని వదిలేస్తే బాగుండదని."

అప్పుడు నాకూ వచ్చింది నవ్వు. ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు. నా పెళ్ళికి కూడా నేనంత నవ్వలేదు. బతికున్న గుర్రాలకు దీపం పెట్టి, కళ్ళు మూసుకుని, మంచి జన్మ ఇవ్వమని దణ్ణం పెట్టుకున్న నా ముఖం నాకే కనిపించింది. పైట నోట్లో కుక్కుకున్నా ఆగలేదు. హోటలతను తలుపు దగ్గరికొచ్చి చూసి వెళ్ళిపోయాడు.

"ఇగ పాస్ నాదే," అంది వియ్యపురాలు పాస్ మీద అరచెయ్యి వేసి. "సచ్చిన గుర్రాన్ని ఉరికిచ్చినోళ్ళకు రేసులెందుకు?"

"ఆగు అమ్మమ్మా," అంది మనవరాలు ఫోను చూస్తూ. "ట్రైనరు రికార్డులో దాన్ని మొత్తం గెలుపుగానే రాశారు. రెండో గుర్రం ట్రైనరుకూ మొత్తమే. ప్రైజు డబ్బే చెరిసగం. గెలుపు సగం కాదు."

"విన్నారా వదినగారూ! చచ్చినా మొత్తమే, బతికినా మొత్తమే."

"నీకు తెలిసి చెప్పినవా?"

"ఎలా చెప్పినా నా లెక్కే నిలిచిందా లేదా?"

ఆమె అరచెయ్యి తీసేసింది. "సరే తియ్. పోయి మంచిగ చూసి రా" అంది. తర్వాత వెల్లుల్లి సంచి అటూ ఇటూ సర్దింది. నాంపల్లి వైపు ఆటోల దగ్గర విడిపోయేటప్పుడు, "గద్వాల్ చీర ఇస్త్రీ చేపిచ్చి పెట్టుకున్న. ఎప్పుడన్న అక్కరకొస్తది లే" అని నవ్వింది. పాస్ బయటికి తీసి గంట కూడా కాలేదు. ఈ చీర ఎప్పుడు ఇస్త్రీకి వెళ్ళింది? మనవరాలిని నిలదీశాను. నాలుగు రోజుల కిందటే అమ్మమ్మతో పాసుల మాట అన్నదట.

ఇంటికి వచ్చి పాస్ గూట్లో పెట్టాను. బీరువాలోంచి పట్టుచీర తీశాను. ఆయన గుర్రం గెలిచేటప్పుడు పక్కన మనవరాలు ఉంటుంది. మంచిదే. కానీ అది ఎవరు గెలిచినా చప్పట్లు కొట్టే పిల్ల. దాంతో ఏం పోట్లాడను? గెలిచాక నేను ఎవరి ముఖం చూడాలి? ఇదంతా అనుకుంటూ చీర రెండుసార్లు మడతపెట్టాను.

మర్నాడు పొద్దున్నే వియ్యపురాలికి ఫోను చేశాను. "జనరల్ స్టాండుకు టికెట్లు గేటు దగ్గర అమ్ముతారట. బయల్దేరండి. పాస్ వృథా పోకుండా పిల్ల స్నేహితురాలికి ఇప్పించాను."

"టికెట్టు నువ్వు కొంటవా? జ్వరం గిట్ల వచ్చిందా వదినా?" అందామె.

నేను మజ్జిగ సీసాలో పోసి, పులిహోర డబ్బాలో సర్దాను. లోపల ఏం కొన్నా మండిపోయే ధరలుంటాయి. ఆమె గద్వాల్ చీరలో నాంపల్లి మెట్రో మెట్ల దగ్గర నిలబడి ఉంది. రైల్లో రేసుకోర్సున్న మలక్‌పేట వరకు, మంచి బియ్యం, నూకలు, జాకీ, దుర్భిణి, అన్నీ మళ్ళీ మొదటినుంచి తిరగేశాం. గేటు పక్కన టికెట్ల కిటికీ దగ్గర ఇద్దరికీ నేనే కొన్నాను. ఆమె పర్సు తీయబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. జనం ఇంకా పలచగా ఉన్నారు, అందువల్ల ముందు వరసలోనే చోటు దొరికింది. బల్ల తడిగా ఉంటే పేపరు పరుచుకుని ఇద్దరం కూర్చున్నాం. గుర్రాలు ఇంకా రాలేదు.